ఎవరూ కూర్చోని గుమ్మడికాయల దుకాణం

దుకాణం ఉంది, సరుకు ఉంది, డబ్బులు వేసే పెట్టె ఉంది. మనిషి మాత్రం లేడు.

బాలామణి పిల్లబండి ఆపి నాలుగు దిక్కులా చూసింది. మొక్కజొన్న చేను అంచున, కంకర దారి పక్కన, చక్రాలు ఊడిన పాత చెక్కబండి మీద గుమ్మడికాయలు కుప్పగా పోసి ఉన్నాయి. పక్కన పలక మీద సుద్దతో ధరలు రాసి ఉన్నాయి. పలక కింద చిన్న ఇనుప పెట్టె, దాని నెత్తిన నాణెం పట్టేంత సందు. అంతే. చుట్టూ పొలాలు, దూరంగా నీడర్‌మోసెన్ చర్చి శిఖరం, ఇంకా దూరంగా ఇంగోల్‌స్టాట్ వైపు పోయే రైలు.

"ఓ అయ్యా! ఎవలన్నా ఉన్నరా? బేరం వచ్చింది!" అని తెలుగులోనే కేకేసింది. మొక్కజొన్నల్లోంచి కాకి ఒకటి లేచిపోయింది.

 ఎవరో పాపం అవసరం పడి గల్లా వదిలి చేలోకి వెళ్లి ఉంటాడు, ఈలోగా ఏ దొంగ వెధవైనా వస్తే? మనవరాలు గీతిక బండిలో నిద్రపోతోంది కదా అని అక్కడే నిలబడి కాపలా కాసింది. పావుగంట అయింది. అరగంట అయింది. ఎట్టకేలకు ఒక సైకిలు వచ్చి ఆగింది. దిగినామె మాస్కు పైకి లాక్కుని, ఒక కాయ ఎత్తుకుని, పెట్టెలో డబ్బులు వేసి, బాలామణికి తల ఊపి వెళ్లిపోయింది. కాయ తట్టి చూడలేదు. ధర ఎక్కువన్న మాట లేదు. పోయినసారి ఇచ్చింది పుచ్చిపోయిన కాయ అన్న తగువు లేదు. బాలామణి నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

ఇందులో అంత విడ్డూరం ఏముందని అడిగేవాళ్లకు ఆమె సంగతి తెలియదన్నమాట. జనగామ బస్టాండు వెనక వీధిలో ముప్పై నాలుగేళ్లు కిరాణం నడిపిన మనిషి ఆమె. భర్త పోయినప్పుడు దినవారాలు కాగానే షట్టరు లేపింది. జ్వరమొస్తే నుదుటికి గుడ్డ కట్టుకుని గల్లా ముందు కూర్చుంది. ఆ షట్టరు దించి ఇంతకాలం ఉండటం ఇదే మొదటిసారి. కూతురు ప్రవీణకు పురుడు పోయడానికి రెండు వేల ఇరవై ఫిబ్రవరిలో మూడు నెలల కోసం జర్మనీ వచ్చింది. మనవరాలు పుట్టిన వారానికి ప్రపంచం మూసేశారు. టికెట్టు మూడుసార్లు కొన్నారు, మూడుసార్లూ విమానం రద్దయింది. పక్క దుకాణం టైలరు ఇస్సాకు రోజూ పొద్దున్నే ఆమె షట్టరు తాళాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపేవాడు. 'తాళం బాగనే ఉందక్కా' అని కింద రాసేవాడు. ఏడు నెలలుగా రోజూ ఒక తాళం ఫోటో చూసుకుని ఆమె కాఫీ తాగేది.

చేతులు ఊరుకోక ఏదో ఒకటి చేసేది. ఒకరోజు అల్లుడు విశ్వతేజ పప్పు డబ్బా కోసం అలమార తీస్తే, ఇంట్లో ఉన్న పప్పులన్నీ పావుకిలో పొట్లాలై, దారం చుట్టుకుని, వరుసగా నిలబడి ఉన్నాయి. సూపర్‌మార్కెట్ల కరపత్రాలతో కట్టిన పొట్లాలు. అతను ఇంగోల్‌స్టాట్ కార్ల ఫ్యాక్టరీలో ఇంజినీరు. సగం రోజుల పని, అదీ వంటింటి మూలలోంచే. మీటింగు మధ్యలో కెమెరా ఆన్‌లో ఉండగా వెనక అత్తగారు పొట్లాలు కడుతుంటే, జర్మన్ మేనేజరు అవేమిటని అడిగాడట. ఏం చెప్పాలో తోచక నెట్ పోయిందన్నాడట.

ఆ సాయంత్రం బాలామణి గుమ్మడికాయల సంగతి చెప్పింది.

"అది అంతే అత్తమ్మా," అన్నాడు తేజ. "ఇక్కడ నమ్మకం. ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకుంటరు, పైసలు పెట్టెల ఏస్తరు. చూసే మనిషి అక్కర్లేదు."

"నమ్మకం మంచిదే తేజా, కాదంటలేను. కని దుకాణంల మనిషి కూసునేది దొంగల కోసమేనా? వచ్చినోన్ని మంచిగున్నవా అని అడగనీకి ఎవలుండాలె? చెప్పుర్రి మీరే."

తేజ హెడ్‌సెట్ పెట్టుకుని మీటింగులోకి వెళ్లిపోయాడు.

మర్నాడు బాలామణి గీతికను షికారు తిప్పుతానని బయల్దేరింది. పిల్లబండి కింది అరలో చీపురు, గుడ్డ. బండి పిడికి బాల్కనీలోని మడత కుర్చీ తగిలించింది. చీర మీద అల్లుడి పాత ఫ్యాక్టరీ జాకెట్, కాళ్లకు సాక్సులు, వాటి మీద చెప్పులు. చెక్కబండి చుట్టూ ఊడ్చింది. కాయలన్నీ తుడిచి, పెద్దవి వెనక, చిన్నవి ముందు పేర్చింది. నాలుగు మిరపకాయలూ ఒక నిమ్మకాయా దారానికి గుచ్చి దిష్టికి పైన వేలాడదీసింది. పలకను వెనక్కి తిప్పి పెట్టింది. ధర రాసి పెట్టేస్తే ఇంక మనిషి నోరు తెరవడం ఎందుకు? అప్పుడు కుర్చీ వేసుకుని కూర్చుంది. ఏడు నెలల తర్వాత ఆమె వెన్ను నిటారుగా నిలిచింది. ఎంత హాయిగా అనిపించిందంటే, కళ్ల నీళ్లు తిరిగాయి.

బోణీ చేసినవాడు హెర్ ష్మిడ్‌బావర్. పోస్టాఫీసులో జీవితమంతా స్టాంపులు కొట్టి రిటైరైన పెద్దమనిషి. రోజూ వచ్చే దారిలో హఠాత్తుగా ఒక చీర, ఒక కుర్చీ, ఒక పసిపిల్ల కనిపించేసరికి మర్యాదగా టోపీ తీశాడు. మధ్యరకం కాయ చూపించి మూడు నాణేలు తీశాడు. ధర ఆయనకు ఎప్పటినుంచో తెలుసు.

బాలామణికి ఒళ్లు మండింది. అడగకుండానే మూడా? ఇదేం బేరం? పొద్దున్నే బోణీ, గిరాకీని చిన్నబుచ్చకూడదు. రెండు వేళ్లు చూపించి, మూడో వేలు సగానికి మడిచింది. రెండున్నర ఇయ్యి చాలు అని. ఆయన తల అడ్డంగా ఊపి, మూడు అన్నాడు. ఆమె రెండుకు దిగింది. ఆయనకు చెమట పట్టింది. తన నిజాయితీకి ఎవరో పరీక్ష పెడుతున్నారనుకున్నాడు. మూడున్నర తీశాడు. ఆమె తగ్గించేకొద్దీ ఆయన పెంచాడు. చివరికి నాలుగు యూరోలు పెట్టెలో పడేసి, ఇక మాట్లాడొద్దన్నట్టు చేతులు ఎత్తేశాడు.

అంత మంచి మనిషిని ఉత్త చేతులతో పంపుతుందా? "ఆగు అన్నా, కొసరు!" అని పిడికెడంత చిన్న గుమ్మడికాయ తీసి ఆయన సంచిలో వేసింది. జనగామలో కొసరు వేయని దుకాణానికి రెండోసారి ఎవరు వస్తారు? కిలో పప్పుకు గుప్పెడు పప్పు, కూరగాయలకు కరివేపాకు రెబ్బ. కొన్నదానికి పైన ఇంకాస్త ఊరికే వేస్తేనే అది బేరం. ష్మిడ్‌బావర్ ఆ చిన్న కాయను బయటికి తీశాడు, మళ్లీ లోపల పెట్టాడు, మళ్లీ తీశాడు. దాని డబ్బులు ఇవ్వబోతే బాలామణి నిజంగానే కోప్పడింది. ఆయన భయపడి వెళ్లిపోయాడు.

మూడో రోజు చేను ఆసామి స్టాడ్లర్ ట్రాక్టరు మీద వచ్చాడు. ఏటా రొమేనియా నుంచి వచ్చే కూలీలు ఆ ఏడు రాలేకపోయారు, పాపం ఒక్కడే పొద్దంతా చేలో పడి చస్తున్నాడు. ట్రాక్టరు ఆపి, కుర్చీని చూశాడు. మిరపకాయల్ని చూశాడు. సైజుల ప్రకారం పేర్చిన కాయల్ని చూశాడు. పిల్లబండిలో పడుకున్న పసిపిల్లను చూశాడు. పెట్టె ఎత్తి ఊపి చూశాడు. అది ఎప్పుడూ లేనంత బరువుగా ఉంది. 

"పస్ట్ షో," అన్నాడు స్టాడ్లర్. ట్రాక్టరెక్కి వెళ్లిపోయాడు.

ఆ ప్రాంతపు మాటలో దానికి 'సరిగ్గానే ఉందిలే' అని అర్థం. స్టాడ్లర్ నోట ఇంకో మాట విన్నవాళ్లు ఊళ్లో తక్కువ.

వారం తిరిగేసరికి ఆ కంకర దారి సంతలా తయారైంది. ఊరంతా ఆరు నెలలుగా తలుపులు మూసుకుని కూర్చున్నారు. అంగళ్లలో గాజుపలకల వెనక నుంచి డబ్బులు తీసుకుని పంపేయడమే. ఇక్కడ ఒక మనిషి కూర్చుని, వచ్చినవాళ్ల మొహం చూసి ఏదో అడుగుతోంది. ఏం అడుగుతోందో ఎవరికీ తెలియదు. అయినా ఎవరి బాధ వాళ్లు చెప్పుకునేవారు. తుంటి ఆపరేషన్ వాయిదా పడిన ఒక ముసలామె పది నిమిషాలు బవేరియా యాసలో తన తుంటి గురించి చెబితే, బాలామణి మరో పది నిమిషాలు తెలుగులో తన మోకాళ్ల గురించి చెప్పింది. ఇద్దరూ నిట్టూర్చారు. ముసలామె మూడు కాయలు కొనుక్కుని, ఒక కొసరుతో, తేలికపడి ఇంటికి పోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది, గుమ్మడికాయ అవసరం లేకపోయినా.

ఇదంతా ప్రవీణకు తెలిసింది పిల్లల తల్లుల వాట్సాప్ గ్రూపులో. 'మన ఊరి గుమ్మడికాయల అమ్మమ్మ' అని ఎవరో ఫోటో పెట్టారు. తల మీద మిరపకాయలు, ఒంటి మీద ఫ్యాక్టరీ జాకెట్, ఒళ్లో తన కూతురు. 

"అమ్మా, నీకు మతి పోయిందా?" అంది, తల్లి ఇంట్లో అడుగు పెట్టీ పెట్టకముందే. "నేను ఇంజినీరింగ్ ఎందుకు చదివిన? ఇంత దూరం ఎందుకొచ్చిన? గల్లా ముంగట కూసోవద్దనే గద! ఈడ గూడ దుకాణమేనా?"

ఈ మాట వెనక పాత పుండు ఒకటుంది. ప్రవీణ పదో తరగతి చదివేటప్పుడు, తల్లికి జ్వరమొచ్చి ఒక పూట గల్లా దగ్గర కూర్చుంది. స్కూలు పిల్లలు నలుగురొచ్చి, రూపాయి షాంపూ పొట్లం కొని, దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, 'కిరాణం పిల్లా, కొసరెయ్యవా' అని నవ్వి పోయారు. ఆ రోజు లేచిన పిల్ల మళ్లీ ఆ గల్లా వెనక కూర్చోలేదు. బాలామణి కూడా ఎన్నడూ కూర్చోమని అడగలేదు. అడగాలని ఎన్నిసార్లు అనిపించిందో ఆమెకే తెలుసు.

"పని గాదే బిడ్డా. ఊకెనే కూసుంటున్న," అంది బాలామణి.

"ఊకెనే అని ఆఫీసోళ్లకు చెప్తవా? నీది విజిట్ వీసా. పని చేయొద్దు. వచ్చే బుధవారం వీసా ఆఫీసుకు రమ్మన్నరు, పొడిగిస్తరా లేదా చెప్పనీకి. నువ్వు పని చేస్తున్నవని తెలిస్తే పొడిగించరు."

"పొడిగించకపోతే ఏం జేస్తరు?"

"దేశం పొమ్మంటరు."

"విమానాలు నడుస్తున్నయా?"

"లెవ్వు."

"మరి ఎట్ల పంపుతరే?"

ప్రవీణ తేజ వైపు చూసింది. తేజ గోడ వైపు చూశాడు. కాసేపటికి ప్రవీణ గొంతు తగ్గించి, "నవ్వులాట గాదమ్మా. ఒక్కసారి గట్ల రాసుకున్నరంటే మళ్ల వీసా ఇయ్యరు. గీతిక పెద్దగయితుంటే ఫోన్ల చూసుకోవాలె నువ్వు," అంది.

బాలామణి పిల్లను ఒళ్లోకి తీసుకుని, జారిన సాక్సు తొడిగింది. తర్వాత మెల్లగా, "ఈ శుక్రవారం దాకనే," అంది. "శనివారం సెలవంట, ఆదివారం వాళ్ల పండుగంట, తేజనే చెప్పిండు. పంట ఇంటికొచ్చినందుకు దేవునికి దండం పెట్టుకుంటరంట, గుడి నిండ గుమ్మడికాయలు పెడ్తరంట. ఎర్న్‌టెడాంక్. ఊరోళ్లందరు సైగలు చేసి నా దగ్గరికే వస్తమన్నరు. పండుగ ముంగట దుకాణం మూసుకుని ఇంట్ల కూసుంటరానే ఎవలన్నా? నాతోని గాదు. శుక్రవారం అయినంక కుర్చీ బాల్కనీల పడేస్త, నీ మీద ఒట్టు."

పండుగ ముందటి గిరాకీ అంటే ఏమిటో ఆ ఇంట్లో పుట్టిన ప్రవీణకు చెప్పాలా? 

దారి చూపించినవాడు తేజ. ఇంజినీరు కాబట్టి కాగితం మీద గీతలు గీసి మరీ చూపించాడు. ఎవరైనా ఆఫీసరు వస్తే అత్తమ్మ వెంటనే లేచి, కుర్చీ వదిలి, బండికి ఇవతలి వైపుకు రావాలి. వస్తే ఆమె అమ్మే మనిషి కాదు, కొనే మనిషి. కొనుక్కోవడానికి వీసా అడ్డం రాదు. 'ఇష్ కుండిన్' అని రెండు మాటలు నేర్పాడు. నేను గిరాకీని అని. హాల్లో సోఫాను చెక్కబండి చేసి పదిసార్లు ప్రాక్టీసు చేయించాడు. తేజ 'ఆఫీసర్!' అనగానే అరవై ఏళ్ల బాలామణి సోఫా చుట్టూ పరుగెత్తి, రొప్పుతూ, 'ఇష్ కుండిన్' అనేది. గీతిక కిలకిల నవ్వేది.

అక్కడ ష్మిడ్‌బావర్‌కు వారం రోజులుగా ముద్ద దిగడం లేదు. ఒక కాయకు డబ్బులిచ్చాడు, రెండు కాయలు ఇంటికొచ్చాయి. రెండోది ఎవరిది? దొంగసొత్తా? బహుమతా? బహుమతైతే ఎక్కడన్నా రాసి ఇవ్వాలా? గురువారం ఆ చిన్న గుమ్మడికాయను పేపర్లో చుట్టుకుని టౌన్‌హాల్‌కు వెళ్లి, తన మీద తనే ఫిర్యాదు చేసుకున్నాడు. పాపం ఆయనకు ఎవరి మీదా కక్ష లేదు. అక్కడివాళ్లు ఇలాంటి కేసు ఎన్నడూ చూడలేదు. అయినా కాయకు ఒక నంబరు వేశారు, ఫైలు తెరిచారు. ఫైలు తెరిచాక ఎవరో ఒకరు కదలాలి కదా.

శనివారం దేశానికి సెలవు, ఆదివారం దేవుడికి సెలవు. రెండు రోజులు వరసగా అంగళ్లు మూసేస్తారంటే ఆ దేశపు జనం ఆకలితో మాడిపోతామన్నంత కంగారు పడతారు. శుక్రవారం పదకొండింటికి చెక్కబండి ముందు వరుస మొక్కజొన్న చేను మలుపు దాటిపోయింది. మనిషికీ మనిషికీ మధ్య ఒకటిన్నర మీటరు. బాలామణికి ఊపిరి సలపడం లేదు, కానీ మొహం వెలిగిపోతోంది. తల్లిని ఒక్కదాన్నే వదలడానికి మనసొప్పక ప్రవీణ కూడా వచ్చి, పిల్లబండి పట్టుకుని దూరంగా, ఎవరికీ ఏమీ కానట్టు నిలబడింది.

అప్పుడు తెల్లకారు వచ్చి ఆగింది. చంకలో ఫైలు, మూతికి మాస్కు, టౌన్‌హాల్ అధికారిణి ఫ్రావ్ లెహ్నర్ దిగింది.

బాలామణి కుర్చీలోంచి లేచిన వేగం చూసి గిరాకీలు ఉలిక్కిపడ్డారు. బండి చుట్టూ తిరిగి ఇవతలికొచ్చి, కొంగు సర్దుకుని, "ఇష్ కుండిన్!" అంది.

"మంచిది," అంది ఫ్రావ్ లెహ్నర్, కాయల వైపు చెయ్యి చూపుతూ. "కొనుక్కోండి."

ఇది తేజ గీసిన గీతల్లో లేదు. బాలామణి గుమ్మడికాయల వైపు చూసింది. బేరమాడకుండా ఆమె ఇంతవరకు ఉల్లిగడ్డ కూడా కొనలేదు. ఎవరితో ఆడాలి? ఎదురుగా ఖాళీ కుర్చీ ఉంది. అధికారిణి చూస్తోంది. ఏదైతే అదయిందని కుర్చీ వైపు వంగి, "ఎట్ల ఇస్తున్నవ్?" అని అడిగింది.

కుర్చీ పలకలేదు. కానీ అటువైపు జవాబు ఏమిటో ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? "మూడమ్మా," అని గొంతు మార్చి తనే అంది. "మూడా! ఏమన్న బంగారమా? మొన్న రెండుకే ఇచ్చినవ్ గద!" "నాకే గిట్టలేదమ్మా, పైసలన్నీ కలుపు తీసుడుకే పోయినయ్." "మాటలు చెప్పకు, కాయ మెత్తగున్నది." "మెత్తగున్నదా? నీ తలకాయ మెత్తగున్నది! చేనుల నుంచి ఇప్పుడే వచ్చింది!" బేరం ముదిరింది. వరుసలో జనం మెడలు సాచారు.

"ఆమె ఎవరితో మాట్లాడుతోంది?" అని ఫ్రావ్ లెహ్నర్ ప్రవీణను అడిగింది.

ప్రవీణ చెవులు ఎర్రబడ్డాయి. "అమ్మే మనిషితో. ధర విషయం."

"అమ్మే మనిషి ఎక్కడ?"

ప్రవీణ ఖాళీ కుర్చీని చూసింది.

ఇంతలో బాలామణికి తన మీద తనకే కోపమొచ్చింది. "నీ దుకాణంల నాకేమొద్దు పో!" అని విసురుగా తిరిగి రెండడుగులు వేసింది. వేసి ఆగింది. ఎవరైనా అక్కడే ఆగుతారు. దుకాణదారు వెనక నుంచి 'రా అమ్మా రా, నీ మాటే కానియ్యి' అని పిలుస్తాడు, పిలవాలి. ఆమె వీపు తిప్పుకుని నిలబడే ఉంది. ఎవరూ పిలవలేదు. ఏడుపొచ్చినంత పనైంది ఆమెకు.

ఫ్రావ్ లెహ్నర్ వరుస వైపు తిరిగింది. "ఇక్కడ అమ్మేవాళ్లు లేకపోతే మీరంతా డబ్బులు పెట్టెలో వేసి వెళ్లొచ్చు. దేనికి నిలబడ్డారు?"

"ఆమె కోసం," అంది ముందున్న తుంటి ముసలామె.

"ఆమె గిరాకీ కదా?"

"మీరు వచ్చినప్పుడే. పొద్దుటి నుంచి కుర్చీలో ఆమే కూర్చుంది," అంది ముసలామె, కల్లాకపటం లేకుండా. ఆమెకు బాలామణి అంటే ప్రాణం. కానీ ఆఫీసరు అడిగితే అబద్ధం ఎలా చెప్తుంది?

 మాటలు తెలియకపోయినా బాలామణికి కూతురి మొహం, ఆఫీసరు మొహం చూస్తే సంగతి తెలిసిపోయింది. బుధవారం, వీసా, ఫోన్‌లో గీతిక, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. వెళ్లి కుర్చీ మడవబోయింది. "చెప్పవే ఆమెకు. పైసా తీసుకోలే. నాదే తప్పు. ఇగ బందు. జల్మల కూసోనని చెప్పు."

ప్రవీణ చెప్పింది, అమ్మ విజిట్ వీసా మీద వచ్చిందన్న సంగతితో సహా. ఫ్రావ్ లెహ్నర్ గడియారం చూసుకుంది. పన్నెండింటికి ఆఫీసు మూస్తారు. అటుపైన రెండు రోజులు సెలవు, ఆమెకూ ఇంట్లో పండుగ. చేలో ట్రాక్టరు మీదున్న స్టాడ్లర్‌ను కేకేసి, ఈ దుకాణంలో ఎవరు కూర్చుంటారని అడిగింది. "పస్ట్ షో!" అని అక్కడినుంచే అరిచాడు స్టాడ్లర్. ఆమె ఫైలు తెరిచి, గుమ్మడికాయ నంబరు చూసి, గట్టిగా నిట్టూర్చింది.

"నేను వచ్చినప్పుడు ఈమె బండికి ఇటువైపు నిలబడి ఉంది," అంది నెమ్మదిగా. "నేను నా కళ్లతో చూసిందే రాస్తాను. విజిట్ మీద వచ్చినవాళ్లు కూర్చోకూడదు. పని చేసే హక్కున్న మనిషి ఎవరైనా ఇప్పుడు కూర్చుంటే, దుకాణం నియమం ప్రకారం నడుస్తోందని రాసి వెళ్లిపోతాను. ఎవరూ కూర్చోకపోతే, ఈ వరుస ఎందుకుందో నేను రాయాల్సి వస్తుంది." అలా అని ప్రవీణ వైపు చూసింది. "మీకు పర్మిట్ ఉందా?"

ప్రవీణకు ఉంది. ఫోన్‌లోనే ఉంది. ఆమె దాన్ని తీయలేదు.

"ఏమంటున్నదే?" అని అడిగింది బాలామణి. ప్రవీణ నేల చూస్తూ చెప్పింది.

"వద్దు," అంది బాలామణి వెంటనే. "నువ్వు కూసోకు. నీకు ఇష్టం లేదని నాకెర్కలేదా? నేను ఎన్నడన్న కూసోమన్ననా? రాసుకుంటే రాసుకోనియ్యి, ఏమైతే గది అయితది. పోదాం పా బిడ్డా." కూతురి చేతిలోంచి పిల్లబండి పిడి లాక్కుంది. మాట గట్టిగానే వచ్చింది కానీ, మాస్కు తడిసిపోయింది.

వరుసలో ఇరవై మందీ కదలకుండా చూస్తున్నారు. ప్రవీణ తల్లిని చూసింది. సాక్సుల మీద చెప్పులు, వేళ్ల దాకా దిగిన జాకెట్ చేతులు. ఆ మనిషి పప్పు, ఉప్పు, రూపాయి షాంపూ అమ్మి తనను ఇక్కడిదాకా పంపింది. ప్రవీణ ఫోన్ తీసి పర్మిట్ చూపించింది. తల్లి సగం మడిచిన కుర్చీని విప్పి, తన్ని సరిచేసి, బండి వెనక కూర్చుంది. కూర్చోగానే ఆమె చెయ్యి తనంతట తనే ముందు వరుసలో పక్కకు ఒరిగిన కాయను సరిచేసింది.

ఫ్రావ్ లెహ్నర్ రెండు ముక్కలు రాసుకుని, ఒక కాయ కొనుక్కుని, ధర ఇంకా తగ్గదా అని అడిగి, అడిగినందుకు తనే సిగ్గుపడి, కారెక్కింది.

"తర్వాత ఎవరు?" అంది ప్రవీణ జర్మన్‌లో, వరుస చివరిదాకా వినపడేలా. తుంటి ముసలామె ముందుకొచ్చింది. ప్రవీణ కాయ తట్టి చూసి, అది వద్దని ఇంకోటి తీసిచ్చింది. తుంటి ఎలా ఉందని అడిగింది. ముసలామె ఉబ్బితబ్బిబ్బై, ఈసారి అర్థమయ్యే మనిషికి మొదటినుంచీ చెప్పుకొచ్చింది.

బాలామణికి ఆగడం చేతకాలేదు. బండి వెనక్కి వెళ్లబోయింది. "ఆ పెద్దది ఆమెకియ్యకే, కింద మచ్చ ఉంది, అగో ఆ పక్కది..."

"అమ్మా," అంది ప్రవీణ తల తిప్పకుండానే. "ఇటు రావొద్దు. నీకు పర్మిట్ లేదు. పోయి లైన్ల నిలబడు. ఒకటిన్నర మీటరు."

బాలామణి గతుక్కుమంది. తర్వాత పిల్లబండి తోసుకుంటూ, అందరినీ దాటుకుంటూ, చేను మలుపు అవతల ష్మిడ్‌బావర్ వెనక నిలబడింది. ఆయన టోపీ తీశాడు. వరుస మెల్లగా కదిలింది, బాలామణి వెనక మళ్లీ జనం చేరారు. ముందు నుంచి కూతురి గొంతు వినిపిస్తూనే ఉంది. ఒకరిని కసురుతోంది, ఒకరిని నవ్విస్తోంది. చివరికి ష్మిడ్‌బావర్ కూడా తప్పుకున్నాడు. ఎదురుగా బండి, బండి వెనక ప్రవీణ, గాలికి రేగిన జుట్టు, ఎర్రబడిన ముక్కు. దుకాణం ముందు నుంచి చూస్తే ఇలా ఉంటుందని బాలామణికి ఇన్నేళ్లలో తెలియనే లేదు.

"ఏం గావాలె?" అని అడిగింది ప్రవీణ.

జీవితమంతా ఆ మాట ఆమె ఒకరిని అడిగిందే గానీ, ఆమెను ఎవరూ అడగలేదు. 

"ఏమొద్దు బిడ్డా," అంది. "జరసేపు చూసి పోత."

"అయితే పక్కకు నిలబడి చూడు," అంది ప్రవీణ. "ఎనక మంది ఉన్నరు."

బాలామణి పిల్లబండితో పక్కకు జరిగి నిలబడింది.